ఇంటిపేరు 8, పేరు 1

లైనక్స్ నడిచే ఏదైనా మెషీన్‌లో టెర్మినల్ తెరిచి, '/డెవ్' అనే డైరెక్టరీలో ఏమేం ఉన్నాయో వివరంగా చూపించమని అడగండి. మామూలు డైరెక్టరీల్లో ప్రతి ఫైలు పక్కనా దాని సైజు ఉంటుంది, ఇన్ని బైట్లు అని. ఇక్కడ సైజు ఉండాల్సిన చోట కామా పెట్టి రెండు అంకెలు కనిపిస్తాయి. సాటా హార్డ్ డిస్క్‌లో మొదటి పార్టిషన్‌కి 8, 1. టెర్మినల్‌కి 5, 0. ఏం రాసి పడేసినా చప్పుడు లేకుండా మింగేసే 'నల్'కి 1, 3. వరుస మొదట్లో ఒక అక్షరం కూడా ఉంటుంది: బి అనో, సి అనో.

రెండు అంకెల్లో మొదటిది మేజర్ నంబర్, రెండోది మైనర్ నంబర్. ఈ పరికరం బాగోగులు ఏ డ్రైవర్ చూసుకుంటుందో మేజర్ చెబుతుంది. ఆ డ్రైవర్ చేతికింద ఉన్నవాటిలో ఇది ఎన్నోదో మైనర్ చెబుతుంది. దీన్ని వివరించడానికి మనం పెద్దగా కష్టపడక్కర్లేదు. ఇంటిపేరు ముందు, పేరు వెనక. 8 వారింట్లో ఒకటోవాడు. 1 వారింట్లో మూడోవాడైన 'నల్' వెనకాల అసలు ఏ వస్తువూ లేదు, వైరు లేదు, చిప్పు లేదు. అయినా దానికీ ఇంటిపేరుంది. ఆ ఇంట్లో అందరూ అలాంటివాళ్ళే: అడిగినన్ని సున్నాలిచ్చే 'జీరో', యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే 'ర్యాండమ్', ఎంత రాయబోయినా "చోటు లేదు" అనే 'ఫుల్'.

ఈ ఇంటిపేర్లు ఎవరు పెట్టారు, ఏం చూసి పెట్టారు అన్నదే నాకు ఆసక్తి. రోజూ కెర్నెల్ కోడ్‌తో పనిచేసేవాణ్ణి కాబట్టి మొదట్లో ఇదంతా కేవలం టెక్నికల్ సంగతి అనిపించేది. చరిత్ర తవ్వుతూ పోతే తెలిసింది, ఇది గత యాభై ఏళ్ళలో మనుషులు వస్తువుల్ని ఎలా వర్గీకరించాలో తేల్చుకోలేక పడిన తగాదా కూడానని.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ పీడీపీ-7 అనే ఒక చిన్న కంప్యూటర్ మీద యూనిక్స్ మొదలుపెట్టాడు. డెనిస్ రిచీ తర్వాతెప్పుడో ఆ తొలిరోజుల గురించి రాస్తూ చెప్పిన ఒక వివరం ఉంది. పరికరాల్ని ఫైళ్ళలాగే చూడాలన్న ఆలోచన అప్పుడే ఉంది, కానీ ఏ ఫైలు ఏ పరికరమో ఎక్కడా రాసి ఉండేది కాదు. ప్రతి ఫైలుకీ ఉండే ఐ-నంబరే ఆనవాలు. ఫలానా నంబరు ఫైలు ముట్టుకుంటే ఫలానా పరికరం కదులుతుంది, అంతే. 1971 నవంబరులో వచ్చిన మొట్టమొదటి యూనిక్స్ మాన్యువల్ నాటికీ ఆ పద్ధతి పోలేదు. 41 లోపు ఐ-నంబర్లన్నీ పరికరాలకి రిజర్వు. 41 ఏమో రూట్ డైరెక్టరీది. ఊరి పొలిమేర దాటాకే ఊళ్ళో ఇళ్ళు మొదలైనట్టు.

పరికరాల్ని ఫైళ్ళు అనడం ఇప్పుడు మామూలుగా వినిపిస్తుంది గానీ అప్పుడది సాహసమే. అంతకుముందు చాలా సిస్టముల్లో ప్రోగ్రాం రాసేవాడికి టేపు సంగతి వేరు, కార్డులు చదివే మెషీన్ సంగతి వేరు, ప్రింటర్ సంగతి వేరు. యూనిక్స్ ఏమందంటే: తెరువు, చదువు, రాయి, మూసెయ్. ఈ నాలుగు మాటలు ఎవరికి అర్థమైతే వాళ్ళందరూ నాకు ఫైళ్ళే. వస్తువు ఏమిటన్నది కాదు, పిలిస్తే ఎలా పలుకుతుందన్నదే లెక్క. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నదంతా దాదాపు ఈ ఒక్క మాటలోనే ఉంది. మిగతాది, ఆ మాట మీద నిలబడటం ఎంత కష్టమో చెప్పే కథ.

ఎందుకంటే అన్నీ ఒకేలా పలకవు. డిస్క్ ఉందనుకోండి, అందులో 512 బైట్ల గదులుంటాయి. ఏ గదికైనా ఎప్పుడైనా వెళ్ళొచ్చు, మళ్ళీ వెనక్కి రావొచ్చు. అందుకని కెర్నెల్ కొన్ని గదుల నకళ్ళు తన దగ్గరే పెట్టుకుని పని తొందరగా కానిస్తుంది. టెర్మినల్ అలా కాదు. మనిషి కొట్టిన అక్షరం ఒకసారి వచ్చేసిందంటే వచ్చేసినట్టే, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవడానికి లేదు. అలా రెండు వర్గాలు పుట్టాయి: బ్లాక్, క్యారెక్టర్. '/డెవ్' లిస్టులో వరుస మొదట్లో కనిపించే బి, సి ఇవే.

ఇందులో క్యారెక్టర్ అన్న పేరు మాత్రం పెద్ద మోసం. అక్షరాలతో దానికి పనేమీ లేదు. బ్లాక్ కానివన్నీ క్యారెక్టర్లే: టెర్మినల్, ప్రింటర్, కాగితపు టేపు, చివరికి కంప్యూటర్ మెమరీ కూడా. ఒక వర్గానికి గుణం ఉంది, రెండోదానికి ఆ గుణం లేకపోవడమే గుణం. పైగా డిస్కులు రెండు వర్గాల్లోనూ ఉండేవి! కెర్నెల్ నకళ్ళు మాకొద్దు, డిస్క్‌తో మేమే నేరుగా మాట్లాడుకుంటాం అనేవాళ్ళ కోసం అదే డిస్క్‌కి ఇంకో క్యారెక్టర్ ఫైలు పెట్టారు. ఒకే మనిషికి రెండు రేషన్ కార్డులు. యూనిక్స్ సంతతిలోదే అయిన ఫ్రీబీఎస్‌డీ 2000 ప్రాంతంలో ఇంక చాలనుకుని బ్లాక్ పరికరాలన్న వర్గాన్నే తీసేసింది. లైనక్స్ తియ్యలేదు.

ఈ ఏర్పాటు లోపల ఎలా ఉండేదో తెలుసుకోడానికి ఒక గొప్ప పుస్తకం ఉంది. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు 1976-77లో ఆరో ఎడిషన్ యూనిక్స్ కెర్నెల్‌ని, మొత్తం పదివేల లైన్ల లోపు కోడ్, విద్యార్థుల కోసం అచ్చేసి పక్కన వ్యాఖ్యానం రాశాడు. కావ్యానికి టీక రాసినట్టే. ఆ తర్వాతి ఎడిషన్ లైసెన్సు, సోర్స్ కోడ్‌ని క్లాసుల్లో చెప్పకూడదంది. దాంతో ఆ పుస్తకం జిరాక్స్ కాపీలుగా, కాపీల కాపీలుగా చేతులు మారుతూ బతికి, చివరికి 1996లో గానీ బహిరంగంగా అచ్చు కాలేదు. అందులో చూస్తే ఇంటిపేర్ల రహస్యం మహా సాదా. రెండు పట్టికలున్నాయి, బ్లాక్ వాటికొకటి, క్యారెక్టర్ వాటికొకటి. ఒక్కో వరుసలో ఒక్కో డ్రైవర్ తెరవడానికీ మూయడానికీ చదవడానికీ రాయడానికీ ఏ ఫంక్షన్ని పిలవాలో ఉంటుంది. మేజర్ నంబర్ అంటే ఆ పట్టికలో ఎన్నో వరుస అని. వంశమూ కాదు, గోత్రమూ కాదు. బడి రిజిస్టర్‌లో రోల్ నంబర్ లాంటిది.

నెట్‌వర్క్ వచ్చేసరికి ఈ రెండు పెట్టెలూ సరిపోలేదు. 1983లో బర్క్‌లీ వాళ్ళు 4.2 బీఎస్‌డీతో సాకెట్లు తెచ్చారు. డిస్క్ అడిగితేనే ఇస్తుంది. నెట్‌వర్క్ కార్డు ఎవరూ అడక్కుండానే, ఎవరెవరికోసమో వచ్చిన ప్యాకెట్లని తెచ్చి గుమ్మంలో పడేస్తుంది. తెరువు, చదువు అనే మాటలకి అక్కడ అర్థం లేదు. అందుకే నెట్‌వర్క్ కార్డుకి '/డెవ్'లో ఫైలే లేదు, అప్పుడూ లేదు, లైనక్స్‌లో ఇప్పుడూ లేదు. దాని పేర్లు వేరే చోట ఉంటాయి. బెల్ ల్యాబ్స్ వాళ్ళే తర్వాత ప్లాన్ 9లో నెట్‌వర్క్‌ని కూడా ఫైళ్ళ రూపంలోకి తెచ్చి మాట నిలబెట్టుకున్నారు. ఎంత అందమైన సిస్టమో అంత తక్కువమంది వాడారు.

1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ మొదలుపెట్టినప్పుడు ఈ మేజర్, మైనర్ పద్ధతినే తీసుకున్నాడు. ఒక్కోదానికి 8 బిట్లు. అంటే 256 ఇంటిపేర్లు, ఒక్కో ఇంట్లో 256 మంది. యూనిక్స్‌లో పట్టిక ఏ మెషీన్‌కి ఆ మెషీన్‌దే, ఎవరి రోల్ నంబర్లు వాళ్ళవి. లైనక్స్ ఊరంతటికీ ఒకటే కావాలి కాబట్టి నంబర్లు పంచడానికి ఒక కేంద్రం అవసరమైంది. దాని పేరు వింటే ఏదో ప్రభుత్వ కార్యాలయం అనిపిస్తుంది: లైనక్స్ అసైన్డ్ నేమ్స్ అండ్ నంబర్స్ అథారిటీ. ఆచరణలో అది హెచ్. పీటర్ ఆన్విన్ చూసుకునే ఒక టెక్స్ట్ ఫైలు. కొత్త డ్రైవర్ రాసినవాళ్ళు అర్జీ పెట్టుకుంటే ఆయన ఖాళీగా ఉన్న నంబరు ఇచ్చేవాడు.

ఆ జాబితా చదవడం నాకు ఇష్టం. పాత వోటర్ల లిస్టు చదివినట్టుంటుంది, ఎప్పుడో ఊరొదిలి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లతో. అందులో 10 అనే ఇంటిపేరు చూడండి. మొదట అది మౌస్‌లది. సీరియల్ పోర్టుకి కాకుండా విడిగా సొంత కార్డుకి తగిలించే రకం మౌస్‌లన్నమాట. 10, 0 ఒకటి, 10, 2 ఒకటి, 10, 3 ఒకటి. మధ్యలో 10, 1 పీఎస్/2 మౌస్. తర్వాత ఎక్కడా ఇమడనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆ ఇంట్లో చేరారు. రియల్ టైమ్ గడియారం, మెషీన్ స్తంభిస్తే రీబూట్ చేసే వాచ్‌డాగ్, ఇలాంటివి. ఒక్క పరికరం కోసం 256 మందికి సరిపడే ఇల్లు ఇవ్వడం దండగ కదా. చివరికి మౌస్‌లు అంతరించాయి, ఇల్లు మాత్రం మిగిలింది. ఇప్పుడు దాన్ని 'మిస్క్' అంటారు. అప్లికేషన్ ఫారాల్లో చివరన ఉండే 'ఇతరములు'. ఈ ఇంటికి మళ్ళీ వద్దాం.

మౌస్ గురించే ఇంకొంచెం చెప్పాలి. 1990ల చివర మీ చేతికింద మౌస్ సీరియల్ పోర్టుకి ఉంటే దాని ఇంటిపేరు 4, పీఎస్/2కి ఉంటే 10, యూఎస్‌బీ అయితే 13. చేసే పని ఒకటే, బాణం గుర్తుని కదపడం. ఇంటిపేరు మాత్రం వైరు చూసి వచ్చేది. ఫలానా ఫైలు, ఫలానా ప్రోటోకాల్ అని కాన్ఫిగరేషన్‌లో మనమే రాసుకోవాలి. మౌస్ మారిస్తే మళ్ళీ రాసుకోవాలి. గుమ్మం చూసి వంశం నిర్ణయించడమే ఇది.

డిస్కుల గతి ఇంకా ఘోరం. స్కజీ డిస్కులకి ఇచ్చిన ఇంటిపేరు 8. ఒక్కో డిస్క్‌కి 16 మైనర్లు: మొత్తం డిస్క్‌కి ఒకటి, పార్టిషన్లకి 15. అంటే ఇంటికి 16 డిస్కులే. 17వ డిస్క్ కావాలంటే? 65 నుంచి 71 దాకా ఇంకో ఏడు ఇళ్ళు ఇచ్చారు. అవీ చాలక 128 నుంచి మరో ఎనిమిది. అప్పటికి మొత్తం 256 డిస్కులు. పెద్ద సర్వర్లు నడిపేవాళ్ళకి అదీ ఇరుకే. ఇలా డిస్కులకే పదహారు ఇంటిపేర్లు పోతే మిగతా లోకం ఏం కావాలి? 2001లో టోర్వాల్డ్స్ ఇంక కొత్త నంబర్లు ఇవ్వొద్దన్నాడు. ఇంతకంటే మంచి పద్ధతి కనిపెట్టే దాకా తలుపులు మూసెయ్యమని.

అప్పటికే ఒక పద్ధతి పోటీలో ఉంది. రిచర్డ్ గూచ్ రాసిన డెవ్‌ఎఫ్‌ఎస్, 2000లో కెర్నెల్‌లో చేరింది. నంబర్ల గొడవ లేకుండా పేర్లు కెర్నెలే పెడుతుంది. ఎలాంటి పేర్లని? ఫలానా హోస్టు, దాని కింద ఫలానా బస్సు, దాని కింద ఫలానా టార్గెట్టు, దాని కింద డిస్క్. ఉత్తరం మీద చిరునామా: గ్రామం, మండలం, జిల్లా, పిన్‌కోడ్. పరికరం ఎక్కడుందో ఖచ్చితంగా తెలుస్తుంది, కానీ అంత పొడుగు పేరు ఎవరు పిలుస్తారు? పైగా కోడ్‌లో సమయాల మీద ఆధారపడిన లోపాలున్నాయని తోటి డెవలపర్లు, ముఖ్యంగా అల్ వీరో, దుమ్మెత్తి పోశారు. 2006లో దాన్ని పూర్తిగా తీసేశారు. నా లెక్కలో గూచ్ అడిగిన ప్రశ్న సరైనదే, పేరు పెట్టే హక్కు కెర్నెల్‌కే ఇచ్చేయడం దగ్గరే తేడా కొట్టింది.

అసలు మార్పు ఊహించని దిక్కు నుంచి వచ్చింది: ల్యాప్‌టాప్ మూత. మూత వేస్తే మెషీన్ నిద్రపోవాలి. నిద్రపుచ్చాలంటే లోపలున్న పరికరాల్ని ఒక క్రమంలో పడుకోబెట్టాలి. యూఎస్‌బీ కంట్రోలర్‌ని ముందు ఆపేస్తే దానికి వేలాడుతున్న కీబోర్డ్‌కి "నువ్వూ పడుకో" అని చెప్పే దారే ఉండదు. పిల్లలు ముందు, తల్లి తర్వాత. లేపేటప్పుడు తల్లి ముందు. కానీ ఎవరి పిల్లలెవరో కెర్నెల్‌కి ఒకచోట రాసి లేదు! పీసీఐ వాళ్ళ లెక్క వాళ్ళది, యూఎస్‌బీ వాళ్ళ లెక్క వాళ్ళది. ప్యాట్రిక్ మోచెల్ 2001-02లో ఈ వంశవృక్షం ఒకటి కెర్నెల్ లోపల కట్టడం మొదలుపెట్టాడు. దాన్ని బయటినుంచి చూసుకోడానికి ఒక కిటికీ కూడా పెట్టాడు. ఆ కిటికీ పేరు మొదట డీడీఎఫ్‌ఎస్, తర్వాత డ్రైవర్‌ఎఫ్‌ఎస్, చివరికి సిస్‌ఎఫ్‌ఎస్. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌తో అది అందరిళ్ళకీ చేరింది.

'/సిస్' లోపలికి వెళితే ఒకే పరికరం మూడు చోట్ల కనిపిస్తుంది. 'డివైసెస్' కింద దేనికి దేన్ని తగిలించారన్న వృక్షం ఉంటుంది. 'బస్' కింద అవే పీసీఐ, యూఎస్‌బీ అని వైరును బట్టి ఉంటాయి. 'క్లాస్' కింద చేసే పనిని బట్టి: నెట్, ఇన్‌పుట్, సౌండ్, బ్లాక్, థర్మల్, పవర్ సప్లై. వస్తువు ఒక్కటే, మిగతావి దానివైపు చూపించే వేళ్ళు.

పుస్తకాల మనుషులకి ఇది ఎక్కడో విన్నట్టు ఉంటుంది. లైబ్రరీలో పుస్తకం ఒక్క అరలోనే ఉండగలదు. 'మద్రాసు రాష్ట్రంలో వరి సాగు చరిత్ర' వ్యవసాయంలో పెట్టాలా, చరిత్రలోనా, ప్రాంతాల్లోనా? లెక్కల మాస్టారు ఉద్యోగం వదిలి 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయిన ఎస్. ఆర్. రంగనాథన్‌కి ఇదే చిక్కు వచ్చింది. లండన్‌లో ఒక దుకాణంలో మెకానో సెట్టు, అవే ముక్కల్ని రకరకాలుగా బిగించి బొమ్మలు చేసే ఆట, చూసి ఆయనకి ఆలోచన తట్టిందంటారు. 1933లో అచ్చయిన కోలన్ వర్గీకరణలో విషయాన్ని ముఖాలుగా విడదీశాడు: వస్తువు, పదార్థం, చర్య, చోటు, కాలం. మోచెల్ రంగనాథన్ని చదివాడని నేననడం లేదు. ఒకే చిక్కులో పడ్డవాళ్ళు ఒకేవైపు దారి వెతుక్కున్నారు, అంతే.

పేర్లు పెట్టే పని ఏమైంది మరి? గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ 2003లో యూడెవ్ అనే ప్రోగ్రాంతో దాన్ని కెర్నెల్ బయటికి పంపేశాడు. కెర్నెల్ "ఒక పరికరం వచ్చింది, ఈ క్లాసుది, ఈ నంబర్లు" అని చాటింపు వేస్తుంది. బయట యూడెవ్ విని, మన దగ్గరున్న నియమాల ప్రకారం పేరు పెడుతుంది. నంబర్లు పోలేదు, విశాలమయ్యాయి. 2.6 నుంచి ఇంటిపేరుకి 12 బిట్లు, పేరుకి 20. ఒక్కో ఇంట్లో పది లక్షల మందికి పైగా పడతారు. ఇప్పుడు వాటిని ఎవరూ గుర్తు పెట్టుకోరు.

క్లాసు అంటే చేసే పని అని చెప్పడం తేలిక, ఆచరణలో ఎంత సున్నితమో చూడండి. ల్యాప్‌టాప్ స్క్రీన్ వెనక వెలిగేవి ఈరోజుల్లో ఎల్‌ఈడీలే. అయినా అది 'ఎల్‌ఈడీ' క్లాసులో ఉండదు, 'బ్యాక్‌లైట్' క్లాసులో ఉంటుంది. అక్కడ అడిగే ప్రశ్న "తెర ఎంత వెలుగుండాలి" అని గనక. అదే కీబోర్డ్ అక్షరాల కింద వెలిగే దీపం మాత్రం చాలా మెషీన్లలో 'ఎల్‌ఈడీ' క్లాసులోనే ఉంటుంది, క్యాప్స్‌లాక్ దీపం పక్కన. పదార్థం ఒకటే, పిలుపు వేరు. బ్యాటరీలదీ అంతే. వైర్‌లెస్ మౌస్‌లో ఉన్న చిన్న సెల్లు కూడా ల్యాప్‌టాప్ బ్యాటరీ పక్కనే 'పవర్ సప్లై' క్లాసులో కూర్చుంటుంది. మౌస్ సెల్లు అయిపోతోంటే ల్యాప్‌టాప్ ఆగిపోతోందని ఎవరూ కంగారు పడకుండా, ఇది మొత్తం మెషీన్‌ని నడిపేదా లేక ఒక్క పరికరాన్నే నడిపేదా అని చెప్పడానికి 'స్కోప్' అనే గుణం చేర్చారు.

మౌస్‌ల పాత గొడవని తీర్చింది 'ఇన్‌పుట్' క్లాసు, వోయ్‌టెక్ పావ్లిక్ మొదలుపెట్టిన పని. వైరు ఏదైనా సరే, బయటికి ఒకే రకం మాట వస్తుంది: ఏ జాతి సంఘటన, ఏ కోడ్, ఎంత విలువ. నేను ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో 'క' కొట్టినప్పుడు కెర్నెల్ చెప్పేది "37 నొక్కారు, 37 వదిలారు" అని. కెర్నెల్‌కి 'క' తెలియదు, ఇంగ్లీషు 'కే' కూడా తెలియదు. 37ని ఏ భాషలో చదవాలో పైనున్నవాళ్ళు చూసుకుంటారు. తెలుగు కోసం కొత్త కీబోర్డ్ డ్రైవర్ రాయాల్సిన అవసరం లేకపోయిందంటే కారణం ఆ అజ్ఞానమే. సూపర్ మార్కెట్ బిల్లు కౌంటర్లో ఎర్ర వెలుగు కొట్టే బార్‌కోడ్ స్కానర్ కూడా చాలావరకు కీబోర్డే. పదమూడు అంకెలు ఎవరో మహా వేగంగా టైపు చేసినట్టు పంపి, చివర ఎంటర్ నొక్కుతుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి స్కానర్ ఉన్న సంగతే తెలియక్కర్లేదు.

అది కీబోర్డ్ అని కెర్నెల్‌కి ఎవరు చెప్పారు? స్కానరే. 1996లో వచ్చిన యూఎస్‌బీ ప్రమాణంలో ప్రతి పరికరమూ తగిలించగానే తన క్లాసు కోడ్ తానే చెప్పుకోవాలి. 3 అంటే మనిషి వాడే కీబోర్డ్, మౌస్ వగైరా, 7 ప్రింటర్, 8 నిల్వ, 9 హబ్. కుల ధ్రువీకరణ పత్రానికి తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగాలి మనం. ఇక్కడ స్వీయ ప్రకటన చాలు.

2010 ప్రాంతంలో ఇంటర్నెట్ డాంగిళ్ళు వాడినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నేను కొన్నదాన్ని లైనక్స్ ల్యాప్‌టాప్‌కి పెడితే సీడీ డ్రైవ్ అని వచ్చింది. లోపల విండోస్‌కి కావాల్సిన డ్రైవర్లున్న ఒక ఉత్తుత్తి సీడీ. ఆ డ్రైవర్ ఇన్‌స్టాల్ అయ్యాక ఒక ప్రత్యేకమైన సందేశం పంపితే, సీడీ వేషం తీసేసి మోడెమ్‌గా మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. లైనక్స్‌లో ఆ సందేశం పంపేవాళ్ళు లేక అది సీడీగానే కూర్చుండిపోయేది. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రాం పుట్టింది ఈ వేషాలు విప్పించడానికే. ఏ డాంగిల్‌కి ఏ మంత్రమో దాని దగ్గర పెద్ద చిట్టా ఉంటుంది.

డాంగిల్ వేషం సౌకర్యం కోసం. 2014లో కార్స్టెన్ నోల్, జేకబ్ లెల్ అనే పరిశోధకులు బ్లాక్ హ్యాట్ సమావేశంలో ఇంకో వేషం చూపించారు. పెన్‌డ్రైవ్ లోపలి చిప్‌లో ఉండే ప్రోగ్రాం మారిస్తే, అది "నేను కీబోర్డ్‌ని" అని చెప్పుకుని మనిషి కూర్చుని టైపు చేస్తున్నట్టే ఆజ్ఞలు కొట్టగలదు. దానికి బ్యాడ్‌యూఎస్‌బీ అని పేరు పెట్టారు. ఇందులో కెర్నెల్ చేసిన పొరపాటంటూ లేదు. ఎవరు ఎలా పలుకుతారో చూసి కూర్చోబెట్టడమే దాని పద్ధతి. ఆ నకిలీ కీబోర్డ్ అసలు కీబోర్డ్‌లాగే పలుకుతోంది మరి. అపరిచిత పరికరాలు తగిలిస్తే ముందు నన్నడుగు అని యజమాని నియమం పెట్టుకునే ఏర్పాటు లైనక్స్‌లో ఉంది. ఎంతమంది పెట్టుకుంటారన్నది వేరే సంగతి.

ఒకసారి ఒక క్లాసులో కూర్చోబెట్టాక లేపడం మహా కష్టం. పైనున్న ప్రోగ్రాములు ఆ పేరు నమ్ముకుని బతుకుతుంటాయి, వాటిని చెడగొట్టకూడదన్నది టోర్వాల్డ్స్ పెట్టిన కఠిన నియమం. మీ పెన్‌డ్రైవ్ ఇప్పటికీ 'ఎస్‌డీ' అన్న అక్షరాలతోనే వస్తుంది, స్కజీ డిస్క్ అని. స్కజీ కేబుల్‌ని జన్మలో చూడనివాళ్ళ చేతిలో కూడా. అది లోలోపల స్కజీ భాషలోనే మాట్లాడుతుంది కాబట్టి పేరు పూర్తిగా అబద్ధమేం కాదు. కింద పడుతున్నప్పుడు గుర్తించి హార్డ్ డిస్క్ సూదిని పక్కకి తప్పించడానికి కొన్ని ల్యాప్‌టాపుల్లో వంపు సెన్సర్లు పెట్టేవారు. వాటికి తగిన క్లాసు లేక డ్రైవర్లు జాయ్‌స్టిక్‌గా కూడా చూపించాయి. ల్యాప్‌టాప్‌ని రెండు చేతులా పట్టుకుని వంచుతూ బంతి దొర్లించే ఆట ఆడుకున్నారు జనం. అలాంటి ఒక డ్రైవర్ కోడ్ మొదట ఉష్ణోగ్రతలు కొలిచే వాళ్ళ ఇంట్లో ఉండేది, అక్కడ నీ పనేమిటంటే 'మిస్క్'కి మారింది. సెన్సర్లకంటూ ఒక ఇల్లు 2009లో మొదలైంది. దాని పేరు ఇండస్ట్రియల్ ఐఓ, ఫ్యాక్టరీల్లో కంటే ఫోన్లలోనే ఎక్కువ కనిపించినా.

'మిస్క్'కి వచ్చాం కాబట్టి ఆ గొడవ కూడా చెప్పేస్తాను. 2019లో హబానా అనే కంపెనీ న్యూరల్ నెట్‌వర్క్ లెక్కలు చేసే తమ కార్డుకి డ్రైవర్ తెచ్చింది. ఇది ఏ క్లాసు? తెర లేదు, బొమ్మలు గీయదు. కానీ మెమరీ పంచుకోవడం, పనుల్ని వరుసలో పెట్టడం, అంతా గ్రాఫిక్స్ కార్డులాగే. గ్రాఫిక్స్ విభాగంలో చేరాలంటే ఒక షరతుంది: కార్డుని వాడుకునే పై సాఫ్ట్‌వేర్ కూడా ఓపెన్ సోర్స్ కావాలి. దాన్ని చూడకుండా డ్రైవర్ సరిగ్గా ఉందో లేదో ఎలా తేల్చగలం అని వాళ్ళ వాదన. హబానా డ్రైవర్ 'మిస్క్' ఇంటికి వెళ్ళింది, అక్కడ ఆ షరతు లేదు. డేవ్ ఎయిర్లీ తదితర గ్రాఫిక్స్ పెద్దలు గట్టిగానే అభ్యంతరం చెప్పారు, ఇది మా షరతు తప్పించుకునే దొడ్డిదారి అని. 'మిస్క్' బాధ్యుడు గ్రెగ్, ఇది గ్రాఫిక్స్ కార్డు కాదు కదా అన్నాడు. నా ఓటు ఎయిర్లీకే. పని పోలికే క్లాసుకి ఆధారమైతే, ఆ కార్డు పలికే తీరు ఎవరిదో అందరికీ కనిపిస్తూనే ఉంది.

2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2 కెర్నెల్‌లో 'యాక్సెల్' అనే కొత్త వర్గం చేరింది. గ్రాఫిక్స్ విభాగం నీడలోనే, దాని కోడ్ వాడుకుంటూ, దాని షరతులకి లోబడి, కానీ వేరు కాపురంగా. హబానా డ్రైవర్ ఆ ఏడాదే 'మిస్క్' ఖాళీ చేసి అక్కడికి మారింది. కొత్త ల్యాప్‌టాపుల్లో 'ఏఐ' అని స్టిక్కరేసి అమ్ముతున్న చిప్పులూ అక్కడికే వస్తున్నాయి. '/డెవ్' కింద 'యాక్సెల్' అన్న డైరెక్టరీలో మొదటి పరికరం పక్కన, సైజు ఉండాల్సిన చోట, 261, 0 అని ఉంటుంది.